పాత గోడ మీద 1908 మూసీ వరద చిత్రం: ఎన్ని ల్యూమెన్లు, ఏ గోడ, ఏ తేదీ?

మూసీగట్టు
1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌ని ముంచిన మూసీ వరద మీద ఎనిమిది నిమిషాల చిత్రం ఒకటి సిద్ధమవుతోంది. మాటల్లేవు. పాత ఫొటోలు, పటాలు, ఇప్పటి ఏటి దృశ్యాలు కలిపి కూర్చింది. దీన్ని అఫ్జల్‌గంజ్ వైపు ఒక పాత సున్నపు గచ్చు గోడ మీద, రాత్రిపూట, టికెట్టు లేకుండా వెయ్యాలని ఆలోచన. గోడలో నేల నుంచి 3 మీటర్ల పైన వాడుకోదగ్గ భాగం 18 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల చిల్లర ఎత్తు. ఎదురుగా 30 మీటర్ల వరకూ ఖాళీ ఉంది. ప్రొజెక్టర్లు అద్దెకిచ్చేవాళ్ళలో ఒకరు 10,000 ల్యూమెన్లు (ప్రొజెక్టర్ ఇచ్చే మొత్తం వెలుతురు కొలత) చాలంటున్నారు, ఇంకొకరు 40,000 లేకపోతే దండగ అంటున్నారు. ఎవరి మాట పట్టుకోవాలి? ప్రొజెక్టర్ సంగతి కాక ముందుగా చూసుకోవాల్సినవి ఏమన్నా ఉంటే అవీ చెప్పండి.

లక్స్‌లెక్క
గోడ ఎంత వెలుతురు వెనక్కిస్తుందో తెలీకుండా ఇద్దరూ చెప్పింది గాలిలో లెక్కే. ముందు అది కొలవండి. మబ్బు పట్టిన పగలు, నీడలో ఉన్న గోడకి మామూలు తెల్ల ఏ4 కాగితం ఆనించి, కెమెరాలో స్పాట్ మీటర్‌తో (ఒక్క చిన్న చోటి వెలుతురే కొలిచేది) కాగితాన్నీ పక్కన గోడనీ విడివిడిగా కొలవండి. కాగితం పరావర్తనం, అంటే పడ్డ వెలుతురులో వెనక్కిచ్చే వంతు, 0.85 అనుకోవచ్చు. కెమెరా కొలతలో స్టాప్ ఒకటి తగ్గితే వెలుతురు సగం. పాత గచ్చు సాధారణంగా కాగితం కన్నా ఒకటింబావు, ఒకటిన్నర స్టాప్ కింద ఉంటుంది, అంటే 0.35 దగ్గర. కొత్తగా వెల్ల వేసిన గోడ 0.7 దాటుతుంది. నల్లరాయి 0.15, 0.2 మధ్య ఆగిపోతుంది. నాచు పట్టి నల్లబడ్డ మచ్చల్ని విడిగా కొలవండి, అక్కడ ఇంకా తక్కువ.

ఇప్పుడు లెక్క. సినిమా హాల్లో తెర మీద తెల్లదనం చదరపు మీటరుకి 48 క్యాండెలా (కంటికి కనపడే మెరుపు కొలత). బయట చీకటి బాగుంటే 15 చాలు, అందులోనూ మీది వెలుగుల తమాషా కాదు. గోడ మీద పడాల్సిన లక్స్ (చదరపు మీటరుకి ఇన్ని ల్యూమెన్లు) = 3.14 × 15 ÷ 0.35, అంటే 135. బొమ్మ 18 × 11.25 మీటర్లు, 202 చదరపు మీటర్లు. రెండూ గుణిస్తే 27,300 ల్యూమెన్లు గోడకి చేరాలి. కేటలాగులో రాసిన అంకెలో ఐదో వంతు లెన్సులోనూ, రంగు సరిచేయడంలోనూ, దుమ్ములోనూ పోతుంది. కాబట్టి పేరుకి 34,000 పైన కావాలి. 20,000వి రెండు ఒకదాని మీద ఒకటి పేర్చడం మేలు. 40,000ది ఒక్కటి తెస్తే అది ఆగిన రాత్రి గోడ చీకటి. రెండున్నప్పుడు ఒకటి పోయినా సగం వెలుగుతో చిత్రం నడుస్తుంది.

10,000 చాలన్న ఆయన తెల్లగోడ, 10 మీటర్ల వెడల్పు మనసులో పెట్టుకుని చెప్పి ఉంటారు. ఆ లెక్కకి ఆయన మాట తప్పు కాదు.

చార్‌కమాన్
లెక్క మంచిగుంది గని అన్నా, ఆ గోడ మీద వీధిలైటు ఎంత పడుతుందో ఎవ్వరు అడగలే. ఎల్‌ఈడీ స్తంభం ఎదురుగ ఉంటే గోడ మీద 15, 20 లక్స్ ఊరికెనే ఉంటది. బొమ్మల నల్లగ ఉండాల్సిన చోటు గూడ ఆ 20 లక్స్‌తోని బూడిద రంగు కొడ్తది. (135 + 20) ÷ 20 అంటే తెలుపుకు నలుపుకు తేడా 8కి 1 గూడ రాదు. అదే ఆ స్తంభాలు బంద్ జేయిస్తె, దూరం లైట్ల నుంచి 3 లక్స్ మిగిలినా 46కి 1 వస్తది. ఇంకో రెండు ప్రొజెక్టర్లు తెచ్చి పెట్టినా గంత తేడా రాదు. పైసలు పెట్టే ముందుగాల కార్పొరేషన్ ఎలక్ట్రికల్ వాళ్ళకు అర్జీ పెట్టుర్రి. స్తంభం నంబరు రాసి ఉంటది, ఆ నంబర్లు రాసి, ఏ టైం నుంచి ఏ టైం దాక బంద్ గావాల్నో రాయాలె. ఒక లైను మొత్తం ఒక్క స్విచ్చి మీద ఉంటది గన్క ఒక్క స్తంభమే బంద్ జేయమంటె వాళ్ళతోని గాదు. గసుంటప్పుడు గోడ దిక్కు నల్ల రేకు కప్పు పెట్టియ్యమనుర్రి.

దుకాణం బోర్డులు మర్చిపోవద్దు. మెడికల్ షాపు ఆకుపచ్చ ప్లస్సు గుర్తు ఒక్కటి చాలు, బొమ్మ ఖరాబ్ చేస్తానికి.

లక్స్‌లెక్క
చార్‌కమాన్ చెప్పింది నేను మొదటే రాయాల్సిన మాట. చంద్రుడి గురించి కూడా అడుగుతుంటారు: నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్ దాటదు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. సెప్టెంబర్ చివర హైదరాబాద్‌లో సూర్యాస్తమయం సుమారు 6:10. ఆకాశం వెలుగు పూర్తిగా దిగడానికి ఇంకో 45, 50 నిమిషాలు పడుతుంది. 7:15కి ముందు మొదలుపెట్టొద్దు.

గచ్చుపని
గోడ తరఫున నాలుగు మాటలు. వెలుతురు వల్ల గచ్చుకీ రాతికీ నష్టం లేదు. 135 లక్స్ రెండు గంటలు పది రాత్రులు వేసినా 2,700 లక్స్-గంటలు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ గోడ రెండు నిమిషాల్లో అంతకన్నా ఎక్కువే చూస్తుంది. వర్ణచిత్రాలున్న లోగోడలైతే లెక్క వేరు, వాటి జోలికి పోవద్దు.

నష్టం చేసేవి వేరే. స్పీకరు కట్టడానికి మేకు, కేబులు లాగడానికి కొక్కెం, కిటికీకి తెల్లగుడ్డ అంటించడానికి టేపు. టేపు పీకితే పాత వెల్ల పొరతో సహా ఊడొస్తుంది. కిటికీల్లో చీకటి గుంటలు కనపడకుండా ఉండాలంటే, లోపలి నుంచి రెండు రబ్బరు కొసలున్న స్ప్రింగు కడ్డీ అడ్డం పెట్టి దానికి లేత బూడిద రంగు గుడ్డ వేలాడదీయండి. తెల్లది వద్దు, గచ్చు కన్నా ఎక్కువ మెరిసి కిటికీ దీపంలా కనిపిస్తుంది. గుడ్డకి గోడ పరావర్తనమే ఉండాలి.

ప్రొజెక్టర్ పెట్టే టవర్‌ని భవనానికి కట్టొద్దు. నీళ్ళ డ్రమ్ములో ఇసుక బస్తాలో అడుగున బరువుగా పెట్టాలి. పాత భవనం పునాది అంచున బరువైన జనరేటరు లారీ నిలపొద్దు, కింద పాత మురుగు కాలువ కప్పు ఉండొచ్చు. అది ఎప్పుడు కూలుతుందో ఎవరికీ తెలీదు.

చూరు కింద గబ్బిలాలు ఉన్నాయేమో వారం ముందే సాయంత్రం వెళ్ళి చూసుకోండి. అవి బయటికెళ్ళేది చీకటి పడుతుండగా. అవి వెళ్ళాక దీపం వేస్తే ఇద్దరికీ గొడవుండదు.

రీలుపెట్టె
అందరూ ఎలా వెయ్యాలో చెప్తున్నారు. ఏ గోడ మీద అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు, సిటీ కాలేజీ, ఒడ్డున మనం పాతవి అనుకునేవన్నీ వరద తర్వాత కట్టినవి, ఏడో నిజాం కాలానివి. ఆ గోడలు వరదని చూడలేదు. చూసి నిలబడింది పురానాపూల్ వంతెన, 1578 నాటిది. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయినప్పుడు అదొక్కటే మిగిలింది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కూడా చూసింది. దాని కొమ్మలెక్కి 150 మంది దాకా బతికారని చెప్పుకుంటారు.

కాబట్టి మీ చిత్రం రెండు మాటల్లో ఏదో ఒకటి చెప్పాలి. “ఇది ఇక్కడ జరిగింది” అంటే పురానాపూల్. “ఇది జరిగింది కాబట్టే ఈ ఊరు ఇలా కట్టారు” అంటే ఒడ్డు మీది భవనం. రెండోదాన్ని మొదటిదిలా చూపిస్తే, తెలిసినవాడు ఒక్కడు చాలు గేలి చెయ్యడానికి.

బెర్లిన్‌లో షిమోన్ అట్టీ అనే కళాకారుడు 1991–92లో చేసింది ఈ చర్చకి బాగా పనికొస్తుంది. యుద్ధానికి ముందు షొయ్‌నెన్‌ఫియెర్టెల్ పేటలో ఉన్న యూదుల దుకాణాల, మనుషుల ఫొటోల్ని స్లైడు ప్రొజెక్టర్లతో అవే వీధుల గోడల మీద వేశాడు. ఒక్కో బొమ్మ ఒకటి రెండు సాయంత్రాలే. ప్రతిసారీ అదే ఇల్లు దొరకలేదు, దగ్గరి గోడలూ వాడాడు, ఆ సంగతి దాచలేదు. సాంకేతికంగా చూస్తే అందులో ఏమీ లేదు, నిశ్చలచిత్రం ఒకటి, పెచ్చులూడిన గోడ ఒకటి. పని చేసింది కొలత: ఫొటోలో తలుపు ఎంతుందో గోడ మీదా అంతే ఉంది, మనిషి మనిషంత ఉన్నాడు. 18 మీటర్ల వెడల్పున మీ బొమ్మలో మనిషి ముఖం నాలుగు మీటర్లుంటే అది పోస్టర్ అయిపోతుంది.

పిక్సెల్‌బాబాయ్
కొలత మాట ఒప్పుకుంటాను గానీ, మనిషంత మనిషిని 30 మీటర్ల నుంచి చూసేవాడికి ఏం కనపడుతుంది? అట్టీ బొమ్మలు ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ళకి. ఇక్కడ మైదానంలో నిలబడ్డ జనం. నా లెక్కలో ఎనిమిది నిమిషాల్లో ఆరు నిమిషాలు పెద్ద దృశ్యాలు, నీటి మట్టం, పటాలు. మిగతా రెండు నిమిషాలు గోడ అడుగుభాగంలో మనిషంత మనుషుల వరస. గోడంతా ఎప్పుడూ నింపాలని లేదు.

గోడ నమూనా సంగతి. మొదటి రాత్రి ప్రొజెక్టర్‌ని అసలు చోటే, అసలు ఎత్తులో పెట్టి, అక్షరాలూ అంకెలూ ఉన్న గళ్ళ బొమ్మ వేసి, లెన్సు పక్కనే కెమెరా పెట్టి ఫొటో తీయండి. ఆ ఫొటో మీద కిటికీలు, కమానులు, కార్నీసు గీతలు తెల్లగీతతో గీసుకుంటే మీ ఎడిటింగ్‌కి మూస తయారు. త్రీడీ స్కాన్ అక్కర్లేదు, ఇది చదునుగోడ. బొమ్మని గోడకి సరిపెట్టే సాఫ్ట్‌వేర్లు మ్యాడ్‌మ్యాపర్, రెసొల్యూమ్ రెండిట్లో ఏదైనా సరిపోతుంది.

తర్వాత టవర్ కాళ్ళ చోటు నేల మీద పెయింటుతో గుర్తు పెట్టి, లెన్సు నుంచి తూకం గుండు వదిలి ఆ చుక్క కూడా గుర్తు పెట్టాలి. ఎత్తు టేపుతో కొలిచి రాసుకోవాలి. మర్నాడు 5 సెంటీమీటర్లు పక్కకి పెడితే కార్నీసు మీద గీసిన గీత దాని నీడ మీద పడుతుంది.

లక్స్‌లెక్క
లెన్సు దూరం కూడా రాస్తాను. 27 మీటర్ల దూరం, 18 మీటర్ల వెడల్పు: త్రో రేషియో (దూరం ÷ వెడల్పు) 1.5. అద్దెకి దొరికే మామూలు జూమ్ లెన్సు ఇందులోకి వస్తుంది, జూమ్ మధ్యలో ఉండేలా అడగండి. టవర్ మీద లెన్సు 4 మీటర్ల ఎత్తున, బొమ్మ అడుగు 3 మీటర్ల దగ్గర. అప్పుడు కిరణం ఎక్కడా 3 మీటర్ల కిందికి రాదు, జనం తలల నీడ పడదు, ఎవరూ లెన్సులోకి దగ్గర నుంచి చూడలేరు. లేజర్ ప్రొజెక్టర్‌కి కంటికి ప్రమాదమైన దూరం మాన్యువల్లో ఉంటుంది, ఆ మేర ముందు కంచె కట్టాలి. బస్సు టాపు 3 మీటర్లు దాటుతుంది కాబట్టి టవర్‌కీ గోడకీ మధ్య బస్సు తిరగకూడదు.

బొమ్మ నడుమ 8.6 మీటర్ల ఎత్తున వస్తుంది, లెన్సు కన్నా 4.6 పైన. లెన్సు షిఫ్ట్‌తోనే, అంటే ప్రొజెక్టర్ వంచకుండా లెన్సుని జరిపే, ఎత్తండి. ప్రొజెక్టర్‌ని పైకి వంచి, వంకరపోయిన బొమ్మని కీస్టోన్ సెట్టింగుతో సరిచేస్తే పైవరసల్లో పిక్సెళ్ళు పోతాయి, పైగా రెండు ప్రొజెక్టర్ల బొమ్మలు ఒకదాని మీద ఒకటి అతకవు.

ఎక్కువ పిక్సెళ్ళుండే 4కే ప్రొజెక్టర్ తెచ్చుకోవద్దు. 1920 పిక్సెళ్ళని 18 మీటర్లకి పరిస్తే ఒక్కోటి 9.4 మిల్లీమీటర్లు. 25 మీటర్ల నుంచి మంచి కన్ను విడదీయగలిగేది 7 మిల్లీమీటర్లు. ఆ గరుకు గచ్చు మీద ఈ తేడా ఎవరికీ తెలీదు.

రెండు ప్రొజెక్టర్లనీ వెలిగించి ముప్పావు గంట ఆగాక అతకండి. వేడికి లెన్సు జరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు అతికింది 8 గంటలకల్లా రెండు పిక్సెళ్ళు విడిపోయి అక్షరాలన్నీ జంటగా కనిపిస్తాయి.

మూసీగట్టు
చాలా ఉపయోగం. ఇంకో రెండు సందేహాలు. దీన్‌దయాళ్ తీసిన వరద ఫొటోలు ఇంటర్నెట్‌లో దొరికాయి, వాటికి అనుమతి ఎవరి దగ్గర? రెండోది, కింద వచ్చే తెలుగు అక్షరాలు ఎంత సైజులో ఉండాలి?

రీలుపెట్టె
రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. 1908 వరద ఫొటోలు ఆయన తీయలేదు. ఆయన పోయాక కూడా స్టూడియో పేరు నడిచింది కాబట్టి ఆ ముద్ర ఉన్నంత మాత్రాన ఆయనవి కావు. టైటిల్సులో ఆయన పేరు వేస్తే మిగతా చిత్రం మీద కూడా నమ్మకం పోతుంది. ఫొటో వెనకాల, లేదా ఆల్బంలో ఏం రాసుందో అదే వెయ్యండి. ఏమీ లేకపోతే పేరు లేకుండా, ఏ సంగ్రహంలో ఉందో మాత్రం వెయ్యండి.

హక్కుల సంగతి: 2012 సవరణకి ముందు మన చట్టంలో ఫొటోకి ప్రచురించిన మర్నాటి ఏడు నుంచి 60 ఏళ్ళు; ఇప్పుడు తీసినవాళ్ళు పోయిన మర్నాటి ఏడు నుంచి 60 ఏళ్ళు. అప్పట్లో అచ్చయిన బొమ్మలకి ఎప్పుడో తీరిపోయింది. కానీ ఏ గ్రంథాలయం స్కాన్ ఇస్తుందో దాని షరతులు విడిగా ఉంటాయి, బహిరంగ ప్రదర్శన అని రాతపూర్వకంగా అడగాలి. ఇంటర్నెట్ నుంచి దించుకున్న 800 పిక్సెళ్ళ బొమ్మ 18 మీటర్ల గోడ మీద గంజిలా ఉంటుంది. 8 అంగుళాల ప్రింటుని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 4,800 పిక్సెళ్ళొస్తాయి, సగానికి జూమ్ చేసినా తట్టుకుంటుంది. పత్రికలో అచ్చయిన బొమ్మైతే చుక్కలు తీసేయాలి. లేకపోతే గోడ గరుకుకీ చుక్కలకీ కలిసి అలలు పుడతాయి.

అచ్చుకూర్పు
అక్షరాల సంగతి. ఇంగ్లీషుకి చూసే దూరంలో 200వ వంతు ఎత్తు చాలంటారు. మనకి అది పనికిరాదు, తలకట్టు, గుడి, కింద వత్తు అన్నీ ఆ ఎత్తులోనే ఇరుక్కుంటాయి. 30 మీటర్లకి మూలాక్షరం ఒక్కటే 35–40 సెంటీమీటర్లు పెట్టండి, అంటే ఈ గోడ మీద 40 పిక్సెళ్ళు. వరసకీ వరసకీ 80 పిక్సెళ్ళు. గీత మందం 4 పిక్సెళ్ళకి తగ్గకూడదు. సన్నగీత ఫాంటు గచ్చు పగుళ్ళలో కలిసిపోతుంది, ‘ప’కీ ‘వ’కీ తేడా ఉండదు. నోటో సాన్స్ తెలుగు బోల్డ్ నయం. రామభద్ర ఇంకా మందం, కానీ అందులో వత్తులు కిక్కిరిసిపోతాయి, ఒక్క పేరుకో తేదీకో వాడుకోండి.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజన్ ఆన్ చేశారో లేదో చూసుకోండి. లేకపోతే ‘స్త్రీ’ మూడు ముక్కలై పడుతుంది. ప్లేబ్యాక్ సాఫ్ట్‌వేర్లో నేరుగా తెలుగు టైపు చెయ్యొద్దు, అక్షరాల్ని పీఎన్‌జీ బొమ్మగా చేసి పెట్టండి.

అన్నట్టు ఆ రోజుల ఊరి జ్ఞాపకం ఎక్కువ భాగం ఉర్దూలో ఉంది. తెలుగు ఒక్కటే వేస్తే సగం జనాన్ని బయట నిలబెట్టినట్టే. ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా దిగుతుంది కాబట్టి దానికి వరస ఎత్తు తెలుగు కన్నా ఎక్కువ ఇవ్వాలి. రెండూ ఒకేసారి కాదు, ఒకటి పోయాక ఒకటి. ఒక్కో వరస కనీసం ఆరు సెకన్లు.

పిక్సెల్‌బాబాయ్
రంగు గురించి ఎవరూ రాయలేదు. పాత ఫొటో అనగానే సెపియా వేస్తారు. పసుపు తిరిగిన గచ్చు మీద సెపియా వేస్తే బురదే. బొమ్మని నలుపు తెలుపులోనే ఉంచి కొద్దిగా నీలం వైపు జరపండి, గోడ పసుపు కలిసి గోడే దాన్ని పాతది చేస్తుంది. నడిమి బూడిద రంగుల్ని పైకెత్తండి. స్టూడియో మానిటర్ మీద సరిగ్గా ఉన్న బొమ్మ గోడ మీద రెండు మెట్లు నల్లగా కనిపిస్తుంది.

ఇంకోటి: ప్రొజెక్టర్ నలుపు నలుపు కాదు. బొమ్మ ఆగినప్పుడు గోడ మీద పొగరంగు చట్రం కనిపిస్తూనే ఉంటుంది. అది కనపడిందా, ‘తెర’ అయిపోయింది, భవనం పోయింది. లెన్సుకి జానెడు ముందు నల్లరేకు కత్తిరించి నిలబెడితే అంచులు మెత్తగా కరిగిపోతాయి. చిత్రానికీ చిత్రానికీ మధ్య చీకటి సమయంలో లెన్సు షటర్ మూయండి, ఉత్త నల్లటి వీడియో నడపొద్దు.

ఎడిటింగ్‌లో ముఖాల్ని గోడ మూస మీద పెట్టి చూసుకోండి. కన్ను వెళ్ళి కిటికీలో పడితే ఆ మనిషి గుడ్డివాడవుతాడు.

రీలుపెట్టె
ఆ చివరి మాటకి, స్మారకాల మీద బొమ్మలు వేసే కళాకారుడు వోదిచ్కో పని గుర్తు చేస్తాను. 1998లో బోస్టన్ దగ్గర బంకర్ హిల్ స్మారకం మీద ఆయన వేసింది ఆ పేటలో హత్యల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల ముఖాలూ మాటలూ. 67 మీటర్ల రాతి స్తంభం, కిటికీ గొడవ లేదు, ముఖం అందులో ఇమిడింది. మర్నాటి ఏడు హిరోషిమాలో, అణుబాంబుకి శిథిలమై మిగిలిన డోమ్ మీద ఆయన ఏమీ వెయ్యలేదు. దాని కింద మోతొయాసు నది గట్టు గోడ మీద, బాంబు నుంచి బతికినవాళ్ళ చేతులు మాత్రమే వేశాడు, వాళ్ళ గొంతులతో. పైన డోమ్ చీకట్లో నిలబడి ఉంది, కింద చేతులు కదులుతున్నాయి, నీళ్ళలో నీడ. శిథిలాన్ని తెరగా వాడకుండా దాన్ని మాట్లాడించిన పద్ధతి అది.

మూసీకి ఇది ఎందుకు పట్టదు? పురానాపూల్ రాయి నల్లగా, పొడుగ్గా ఉంది, లక్స్‌లెక్క అంకెలకి లొంగదు. దాని మీద వెయ్యకండి. ఒడ్డు రాతిగోడ మీద 6 మీటర్ల వెడల్పున చిన్న బొమ్మ, పైన వంతెనని ఉన్నదున్నట్టు వదిలెయ్యండి.

లక్స్‌లెక్క
6 మీటర్లంటే కథ మారిపోతుంది. 6 × 3.75, 22.5 చదరపు మీటర్లు. నల్లరాయి 0.2 అనుకుంటే 15 క్యాండెలాకి 235 లక్స్ కావాలి, మొత్తం 5,300 ల్యూమెన్లు. నష్టం కలుపుకుని 7,000ది ఒక్కటి చాలు. జనరేటరు కూడా చిన్నది.

పెద్ద గోడకి వెళ్ళాలన్నా ముందు ఇలాంటి ప్రయోగం చెయ్యండి. నిజంగా 3,000 ల్యూమెన్లిచ్చే ఆఫీసు ప్రొజెక్టర్‌ని అదే గచ్చు గోడ మీద 6 మీటర్ల వెడల్పున వేస్తే 133 లక్స్ వస్తుంది, పెద్ద ప్రదర్శన నాటి వెలుగే. అదే వీధిలైట్ల కింద, అదే గంటకి చూడండి. అక్కడ నచ్చకపోతే 20,000వి తెచ్చినా నచ్చదు.

చార్‌కమాన్
పర్మిషన్ల ముచ్చట జెప్త. భవనం ఎవలి కిందుందో ముందు తేల్చుకోర్రి. కేంద్ర పురావస్తు శాఖదైతె, చార్మినార్, గోల్కొండ లెక్క, హైదరాబాద్ సర్కిల్ ఆఫీసుకు పోవాలె. రాష్ట్రం దాన్లో ఉంటె 2017 వారసత్వ చట్టం కింద హెరిటేజ్ శాఖ. దాని మీద భవనం వాడుకునేటోళ్ళ ఒప్పుకోలు వేరె, ట్రాఫిక్ పోలీసు వేరె, ఫైరు వేరె. టికెట్ లేకున్న జనం ముందట సినిమా ఏస్తె అది బహిరంగ ప్రదర్శననే, సెన్సార్ సర్టిఫికెట్టన్న ఉండాలె, సినిమాటోగ్రాఫ్ చట్టం 9వ సెక్షన్ కింద మినహాయింపన్న ఉండాలె. ఇది చానమంది మర్చిపోతరు, ఎవలో ఒకలు కంప్లైంట్ ఇచ్చినంక యాదికొస్తది.

సౌండు: దవాఖాన, కోర్టు, బడి వీటికి 100 మీటర్ల దాక సైలెన్స్ జోన్ పెడ్తరు. అక్కడ మైకులు నడ్వయి, రాత్రి పరిమితి 40 డెసిబెల్స్. అక్కడ మూసీ రెండు ఒడ్లు కలిపి దవాఖాన, హైకోర్టు, కాలేజీ మూడూ ఉన్నయ్. మాటల్లేని చిత్రం చేసుడే మంచిగైంది మీకు. బయట ఇంకెక్కడైనా గూడ 10 దాటినంక స్పీకరు బంద్.

చుట్టుపక్కల ఇండ్లోళ్ళకు వారం ముందుగాల్నే చెప్పుర్రి. కిటికీ అద్దాల మీద పడ్డ వెలుగు ఎదురింటి పడకగదిల పడ్తది.

రీలుపెట్టె
ఇళ్ళవాళ్ళ మాట మర్యాద కోసమే కాదు. అట్టీ బొమ్మ వేసినప్పుడు ఒక ఇంటాయన బయటికొచ్చి, ఈ ఇల్లు మా నాన్న న్యాయంగానే కొన్నాడని కేకలేశాడు. గోడ మీద పాత యజమాని కనపడితే ఇప్పటి యజమానికి అది ఆరోపణలా వినిపిస్తుంది. వరదలో ఊడ్చుకుపోయిన బస్తీల జాగాల్లో ఇప్పుడెవరుంటున్నారు అన్నది మూసీ ఒడ్డున మామూలు ప్రశ్న కాదు. వాళ్ళకి ముందే చిత్రం చూపించండి.

గచ్చుపని
2021లో జలియన్‌వాలా బాగ్ సరిదిద్ది దీపాలు, ప్రదర్శనలు పెట్టినప్పుడు చరిత్రకారులు ఎందుకు విరుచుకుపడ్డారో ఈ చర్చలో గుర్తుంచుకోవాలి. చనిపోయినవాళ్ళ చోటు తళుకులాడితే జనం ఫోనెత్తుతారు, అంతే. గోడ కూలిపోతున్నట్టు, నీళ్ళు కిటికీల్లోంచి దూకుతున్నట్టు చేసే మ్యాపింగ్ మాయలు ఈ చిత్రంలో వద్దని నా గట్టి అభిప్రాయం.

పిక్సెల్‌బాబాయ్
నీళ్ళు దూకించడం నాకూ వద్దు. కానీ నీటిమట్టం గీత ఒక్కటి చాలా పని చేస్తుంది: సన్నటి తెల్లగీత గోడ అడ్డంగా, ఎనిమిది నిమిషాల్లో నింపాదిగా పైకి పోవడం. షరతు ఒకటే, ఎత్తు ఊహించి వెయ్యొద్దు. నమోదైన మట్టం సంపాదించి, సర్వేయరుతో టోటల్ స్టేషన్ (ఎత్తులూ దూరాలూ కొలిచే యంత్రం) పెట్టి ఆ మట్టాన్ని మీ గోడ మీదికి తెప్పించుకోండి. అంత చెయ్యలేకపోతే గీత మానెయ్యండి.

నిశ్చలచిత్రాల మీద కెమెరా జరుపుడు కూడా నింపాదిగానే ఉండాలి. బొమ్మ గోడ దాటడానికి 60 సెకన్లు, అంటే సెకనుకి 30 సెంటీమీటర్లు. 25 ఫ్రేములలో అది కుదుపుతుంది, 50 ఫ్రేములలో ఎగుమతి చెయ్యండి. వీడియో ఫైలుకి తడబడకుండా ఆడే హ్యాప్ కోడెక్ వాడండి. ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్లు, స్క్రీన్‌సేవర్, వైఫై అన్నీ ఆపండి.

జనరేటరు_బండి
కరెంటు నా వంతు. 20,000 ల్యూమెన్ల లేజర్ ఒక్కోటి 1.8 కిలోవాట్ల దగ్గర తాగుతుంది. రెండూ, ప్లేయర్లూ, ఫ్యాన్లూ కలిపి 5 కిలోవాట్లు. 15 కేవీఏ సైలెంట్ సెట్ సరిపోతుంది. ‘ఎందుకైనా మంచిది’ అని 62 కేవీఏ తెస్తారు. లోడు మరీ తక్కువైతే ఇంజను చల్లగా నడిచి పొగ కక్కుతుంది, ఆ పొగ కిరణంలోంచి పోతుంది. సెట్‌ని గాలివాలు చూసి పెట్టండి.

ప్రొజెక్టర్‌కొక 3 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్. ఎర్తు కడ్డీ అక్కడే దించి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య 2 వోల్టులు మించకుండా చూడాలి. మించితే బొమ్మలో పట్టీలు పాకుతాయి, అందరూ వీడియో కేబుల్ని తిడతారు. ప్లేబ్యాక్ మెషీన్ టవర్ అడుగునే పెట్టండి, 5 మీటర్ల కేబుల్ చాలు. దూరం నుంచి నడపాలంటే క్యాట్ 6 తీగ 100 మీటర్ల దాకా. 35 మీటర్ల కరెంటు లైనుకి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి, 8 ఆంపియర్లకి 4 వోల్టులు పోతాయి, పర్వాలేదు. దారికి అడ్డమొచ్చే చోట రబ్బరు ర్యాంపు కప్పండి.

మూసీగట్టు
సెప్టెంబర్ 28నే వెయ్యాలన్న పట్టుదల ఉంది. వాన?

జనరేటరు_బండి
తేదీకి వానా ఉంది, కొన్నేళ్ళు వినాయక నిమజ్జనం కూడా అదే వారంలో పడుతుంది. ఆ వారం పోలీసు మీకు ఒక్క కానిస్టేబుల్‌ని కూడా ఇవ్వలేరు, మూసీ వైపు రోడ్లు మూసేస్తారు. పంచాంగం చూసుకుని తేదీ అడగండి.

వానకి టవర్ మీద పైకప్పు, మూడు పక్కలా టార్పాలిన్, వెనక వేడిగాలి పోవడానికి ఖాళీ. పూర్తిగా చుట్టేస్తే అరగంటలో వేడెక్కి వెలుగు తానే తగ్గించుకుంటుంది. తడిసిన గచ్చు నల్లబడి వెలుతురు తాగేస్తుంది. మధ్యాహ్నం వాన పడితే ఆ సాయంత్రం గోడ ఆరిందో లేదో అదే స్పాట్ మీటర్‌తో కొలిచి, బాగా పడిపోయి ఉంటే మర్నాటికి వాయిదా వెయ్యండి. అందుకే అనుమతి ఒక్క రోజుకి కాదు, మూడు రోజులకి తీసుకోవాలి.

వాన వెలిసిన రాత్రి ఉసిళ్ళు లేస్తే కిరణం నిండా అవే. లెన్సు మీద వాలి కాలిన రెక్కల మసి పట్టుకుంటుంది. దూరంగా, గాలివాలుకి ఒక తెల్ల హాలోజన్ దీపం పెడితే చాలావరకు అటు పోతాయి, ఆ దీపం గోడ మీద పడకుండా చూసుకోండి. గాలి ఫిల్టరు ప్రతి రాత్రీ విప్పి దులపాలి.

లక్స్‌లెక్క
చివరగా రోజు వరస. మధ్యాహ్నం 3కి టవర్, బరువులు. 5కి కరెంటు, ఎర్తు కొలత. 6కి రెండు ప్రొజెక్టర్లూ వెలిగించడం. 6:50కి గళ్ళ బొమ్మతో అతకడం, రేకు అంచులు. 7:05కి వీధిలైట్లు ఆపారో లేదో ఫోను చేసి కనుక్కోవడం. 7:20కి మొదటి ఆట. ఎనిమిది నిమిషాల చిత్రం, రెండు నిమిషాల చీకటి, అలా 9:20 దాకా పన్నెండు ఆటలు. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఉంటారు కాబట్టి మొదలు, చివర అని ఉండకుండా ఎక్కడ చూసినా అర్థమయ్యేలా కూర్చండి.

మూసీగట్టు
ముందు ఒడ్డు రాతిగోడ మీద 6 మీటర్ల ప్రయోగం చేస్తాం, 7,000 ల్యూమెన్లది ఒక్కటి తెచ్చి. స్తంభాల నంబర్లు రాసుకోవడానికి రేపు సాయంత్రం వెళ్తున్నాం. చార్‌కమాన్ గారూ, నల్లరేకు కప్పు అన్నారు, అది స్తంభానికి ఎవరు బిగిస్తారు, మేమా వాళ్ళా?

చార్‌కమాన్
మీరు స్తంభం ముట్టొద్దు. రేకు మీరు కోయించి ఇయ్యుర్రి, 2 అడుగులు, అడుగున్నర సైజుల, రెండు క్లాంపులతోని. వాళ్ళ లైన్‌మనే నిచ్చెన బండి మీదెక్కి బిగిస్తడు. అర్జీలనే “తాత్కాలిక కప్పు” అని రాసి, తీసేసే తేదీ గూడ రాయాలె, లేకుంటె ఫైలు వాపస్ వస్తది.